జిల్దుకు మార్కులు

రైలు రాకపోతే బాగుండు. ఈ మాట పైకి అన్నానంటే జనగామ స్టేషన్‌లో ఉన్న జనం నన్ను భుజాల మీద ఎత్తుకుని తిప్పుతారు, ఎందుకంటే రైలు రాకూడదనే వాళ్లంతా పొద్దుటి నుంచీ పట్టాల మీద కూర్చుని ఉన్నారు, కంకరలో మూడేసి రాళ్లు పెట్టి పొయ్యిలు ముట్టించి, పెద్ద పెద్ద గంజుల్లో కిచిడీ వండుతున్నారు. వాళ్లకు తెలంగాణ కావాలి. నాకూ కావాలి, వద్దని ఎవరన్నారు, ఇరవై రోజులుగా బడికి తాళం పెట్టి సమ్మెలో ఉన్న లెక్కల టీచర్నే నేను. కానీ ఈ గంటలో నాకు కావలసింది అంత పెద్దది కాదు. సికింద్రాబాదు నుంచి వస్తున్న ఆ బండి ఎక్కడో ఔటర్ సిగ్నల్ దగ్గరే నిలిచిపోవాలి. అందులో ఉన్న వరుణ్ అనే మనిషికి విసుగు పుట్టి వెనక్కి పోవాలి. నా పక్కన ఒళ్లో పుస్తకం పెట్టుకుని నిటారుగా కూర్చున్న మా అబ్బా "రాకపాయె, ఏం జేస్తం" అని లేచి నాతో ఇంటికి రావాలి. అంతే, అల్లా, అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ అడగను. గడియారం పన్నెండూ పది చూపిస్తోంది.

నాన్నను మేము అబ్బా అంటాం, ఆయన పేరు అబ్దుల్ గనీ. మహబూబాబాద్‌లో యాభై ఏళ్లు పుస్తకాలు కుట్టాడు. బైండింగును మేము జిల్దు అంటాం, అందుకే బజారంతా ఆయన్ను జిల్దు గనీ సాబు అంటుంది. ఇవాళ ఆయన ఇస్త్రీ లాల్చీ వేసుకున్నాడు, నిన్ననే గడ్డం సమంగా కత్తిరించుకున్నాడు, చెవి వెనక అత్తరు దూది పెట్టుకున్నాడు. బస్సులు లేవు గనుక పొద్దున ఆరింటికి షేర్ జీపెక్కి నెల్లికుదురు, తొర్రూరు మీదుగా పద్నాలుగు మంది మధ్య నలుగుతూ వచ్చాం, దారంతా ఆ కట్టను పసిపిల్లను పట్టుకున్నట్టు పొట్టకు ఆనించుకునే ఉన్నాడు, నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. ఇంట్లో మేము దక్ఖనీ ఉర్దూలో మాట్లాడుకుంటాం. నలుగురున్న చోట మాత్రం అబ్బా తెలుగులోకి దిగుతాడు, అదీ గొంతు పెంచి, పక్క బెంచీ వాళ్లకూ వినపడాలని. "పదికి ఎన్నేస్తరంటవ్ బేటా?" అన్నాడు ఇప్పుడే. ఏమో అబ్బా అన్నాను. "తొమ్మిదన్న రాదా? గా కుట్టు సూడు. ముప్పై ఏండ్లాయె, ఒక్క దారమన్న ఊశ్నదా? గట్లనే ఉన్నది." పక్క బెంచీ ఆయన తల తిప్పి చూశాడు. అబ్బా అతనికీ చెప్పాడు, పట్నం నుంచి సారొస్తున్నాడని, తన జిల్దుకు మార్కులు వేస్తాడని. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

జిల్దుకు కాదు. జిల్దుకు కాదు అబ్బా. ఎన్నిసార్లు మనసులో అన్నానో ఈ మాట, అన్నం కలుపుతూ, అల్మారా సర్దుతూ, సమ్మె టెంటు కింద నినాదాల మధ్య కూర్చుని కూడా. తప్పంతా నాదే, నా నోటి దురదే. పదిహేను రోజుల కింద పేపర్లో చిన్న ముక్క కనిపించింది, పాత బొమ్మల కథల పుస్తకాలను ఇప్పుడు అమెరికా పంపించి గ్రేడింగు చేయిస్తున్నారని, పదికి ఎంతని నంబరు వేసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసేస్తారని. చాయ్ తాగుతూ సంబరంగా చదివి వినిపించాను, అబ్బా, మన ఇంజను ఈరన్న పుస్తకాలకు మార్కులేస్తారట అని. అప్పటికి ఏడాదైంది ఆయన దుకాణం మూసి. ఆఫీసుల్లో రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, కోర్టు కట్టలు పోయాయి, బడిపిల్లలు కూడా పుస్తకాలు కుట్టించుకోవడం మానేశారు. కటింగ్ మిషన్ పాత ఇనుము కింద పోయిన రోజు నలుగురు మనుషులు దాన్ని ఈడ్చుకుపోతుంటే అబ్బా గదిలోంచి బయటికి రాలేదు. ఆ రోజు నుంచి మనిషి సగమైపోయాడు, చక్కెర జబ్బు కళ్లకెక్కింది, పలకరిస్తే ఊ అనడం తప్ప మాట లేదు. ఆ చాయ్ పూట మాత్రం కప్పు కింద పెట్టి, మెల్లగా అడిగాడు. "జిల్దుకు గూడ మార్కులేస్తరా?" నేను తొందరపడి, ఏ వివరమూ తెలియకుండానే, ఎందుకెయ్యరు అన్నాను. ఆయన లేచి అల్మారా తీసి ఆ పుస్తకం దులిపాడు. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు సైబర్ సెంటర్‌కు పోయి మొత్తం చదివాను. అప్పటి నుంచే ఈ భయం. వాళ్ల లెక్క ప్రకారం పుస్తకం అచ్చాఫీసు నుంచి ఎలా బయటపడిందో అలాగే ఉండాలి. అట్ట మీద మడత ఉంటే మార్కు తగ్గుతుంది, మూల వంగితే తగ్గుతుంది, చదివిన గుర్తు ఏది కనపడినా తగ్గుతుంది. ఇక అంచులు కోస్తే, పిన్నులు పీకి సూదితో కుడితే, గంజి పూస్తే, అది నేరం, ఆ పుస్తకాన్ని అసలు తీసుకోనే తీసుకోరు, తీసుకున్నా పదికి అర మార్కు. అబ్బా ఇవన్నీ చేశాడు. ముప్పై ఆరు ఈరన్న పుస్తకాలనూ ఒకే జిల్దు చేయాలని పిన్నులు పీకాడు, మూడు వైపులా అంచులు కోశాడు, ఆరెతో బెజ్జాలు పొడిచాడు, మైనం రాసిన దారంతో కుట్టాడు, పురుగు పట్టకుండా మైదా గంజిలో మైలుతుత్తం కలిపి పూశాడు, వెనక ఎర్ర కాలికో గుడ్డ వేసి లావుపాటి అట్టల మధ్య బిగించాడు. తన చేతనైనంత మంచిగా పాడుచేశాడు. ఆ ముక్క ఇంటికొచ్చి చెప్పాలి కదా. చెప్పలేదు. వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను, ఆయన లోపల గొణుక్కుంటూ కాలికో గుడ్డ మీద మచ్చను తడి బట్టతో తుడుస్తున్నాడు. నేను పిల్లలకు కూడా ముప్పై నాలుగు మార్కులు వేయలేని దాన్ని. ముప్పై ఐదు పాసు, ముప్పై నాలుగు ఫెయిలు, ఆ ఒక్క మార్కు ఎక్కడో అక్కడ కలిపేస్తాను, ఇరవై ఏళ్లుగా ఇదే నా పని. ఇది అబ్బాకు భలే ఇష్టం. "మా బుష్రా ముప్పై నాలుగెయ్యదు" అని బజార్లో గొప్పగా చెప్పుకుంటాడు.

వరుణ్‌కు కూడా నిజం చెప్పలేదు, ఇంకేం చెప్పను. అతను మా బడిలో తెలుగు చెప్పే సుగుణకు చిన్నమ్మ కొడుకు, ఊరు జనగామే, పట్నంలో ఈ గ్రేడింగు పని చూస్తాడు, పుస్తకాలు పరీక్ష చేసి, పనికొస్తాయనుకుంటే అమెరికా పంపుతాడు. బతుకమ్మకు ఇంటికొస్తున్నాను, స్టేషన్‌లోనే చూస్తాను, తీసుకురండి అన్నాడు ఫోన్లో. ఇంజను ఈరన్న ముప్పై ఆరూ ఒక్కచోట ఎవరి దగ్గరా లేవు మేడం, అన్నాడు. విడి పుస్తకాలే కదా, అన్నాడు. ఆఁ, విడివే, అన్నాను. ఎందుకన్నాను? కాదంటే రానంటాడు, రానంటే అబ్బా ముఖం చూడాలి, అందుకని. ఒక అబద్ధం మధ్యలో నిలబడి రెండు వైపులా తలుపులు పట్టుకున్నాను, ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి తోస్తారు. నిన్న సొహైల్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. సొహైల్ నా తమ్ముడు, భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పని, వాళ్లూ సమ్మెలోనే ఉన్నారు. వాడు తాపీగా అన్నాడు, "ఎందుకు పరేషానైతవ్ ఆపా? గాయిన బండి దిగంగనే ముందుగాల నువ్వు పో. పక్కకు పిల్వు. పెద్ద మనిషి సార్, జర మంచిగున్నదని ఓ మాట చెప్పుండ్రి, తొమ్మిదనుండ్రి, అని చేతులు వట్టుకో. ఏం పోతది గాయినకు?" నిజమే, ఏం పోతుంది. ముందు నేను పట్టుకోవాలి అతన్ని. అబ్బా కంటే ముందు. పొద్దుటి నుంచీ దీన్నే మంత్రంలా జపిస్తున్నాను, ముందు నేను, ముందు నేను.

అబ్బా పేపరు చుట్టు ఒక పక్క విప్పి ఒకసారి వేళ్లతో అట్ట తడిమాడు. కళ్లు సరిగా ఆనవు గనుక ఆయనకు ఇప్పుడు వేళ్లే కళ్లు. కాలికో మీద, కుట్టు మీద, మూలల మీద. ఆ వేళ్లు చూస్తే నాకు పదకొండో ఏడు గుర్తుకొస్తుంది, సొహైల్‌కు తొమ్మిది. ఇంజను ఈరన్న అంటే మాకు పిచ్చి. బొగ్గు ఇంజను నడిపే డ్రైవరు, తలకు ఎర్ర రుమాలు, దొంగల్ని పట్టాల మీద తరుముతాడు. నెలకో పుస్తకం వచ్చేది, మూడేళ్లు వచ్చి ఆగిపోయింది. అన్నీ కొనే స్తోమత మాకెక్కడిది, సగం అబ్బా పాత కాగితాల రద్దీ దుకాణాల్లో ఏరి తెచ్చినవే. ఘనపూర్ తహసీలాఫీసులో భూముల లెక్కల పహాణీలు కుట్టడానికి పోయి పది రోజులుంటే, తిరిగొచ్చేటప్పుడు సంచిలో మాకు నాలుగు ఈరన్నలు ఉండేవి, ఒకదానికి అట్ట కూడా లేదు, అబ్బానే అట్టేసి దాని మీద ఇంజను బొమ్మ గీశాడు, ఆ ఇంజను బర్రెలా ఉందని సొహైల్ నెల రోజులు నవ్వాడు. మేము చదివి చదివి పుస్తకాలు ఊడిపోయాయి. రెండో సంవత్సరం వానాకాలంలో ఇల్లు కురిసి మూడు తడిశాయి. అప్పుడన్నాడు, ఇక ఇవి మీ పిల్లలు కూడా చదవాలంటే జిల్దు కట్టాల్సిందే అని. మొత్తం వచ్చిందాకా ఆగి, ముప్పై ఆరూ వరసగా పేర్చి, ఒక శుక్రవారం నమాజయ్యాక దుకాణం తలుపు సగం మూసి మా ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని కుట్టాడు. ఆ రోజు గిరాకీని వెనక్కి పంపాడు. మిషన్ కత్తి దిగుతుంటే అంచులు సన్నటి పట్టీలుగా తెగి మా ఒళ్లో పడ్డాయి, ఒక పట్టీలో ఈరన్న మోచేయి ఎరుపు, ఒక పట్టీలో సగం పొగ. మేము వాటిని కిటికీకి జెండాలుగా కట్టాం.

ఒక్కచోట కత్తి లోపలికి పోయింది. ఏడో పుస్తకం ఆఖరి పేజీలో, అన్నిటికంటే కింద, ఈరన్న చెప్పే ఆఖరి మాట తెగిపోయింది. వంతెన కూలి ఉంది, ఈరన్న బండి ఆపి, లాంతరు ఎత్తి, చీకట్లో అరుస్తున్న ప్రయాణికులతో ఒక మాట అంటాడు. ఆ మాటే పోయింది. సొహైల్ దొర్లి దొర్లి ఏడ్చాడు. అబ్బా ముఖం అప్పుడు చూశాను, అంత భయం ఆయన ముఖంలో మళ్లీ ఎన్నడూ చూడలేదు, పాడుచేసిన రిజిస్టరు తహసీల్దారు ముందు పెట్టినా అంత భయపడి ఉండడు. తప్పు నాదే అన్నాడు, చెయ్యి తొందరపడ్డదన్నాడు. తర్వాత సొహైల్‌ను ఒళ్లోకి లాక్కుని, ఈరన్న ఏమన్నాడో చెప్పు, అన్నాడు. వాడు ఎక్కిళ్ల మధ్య చెప్పాడు, మాకు ముప్పై ఆరూ నోటికొచ్చు. అబ్బా తెలుగు రాయడం ముప్పై దాటాక నేర్చుకున్నాడు, రిజిస్టర్ల మీద పేర్లు చూసి చూసి. నీలి సిరా పెన్ను తీసి, నాలుక కొన పంటి కింద పెట్టుకుని, బొమ్మ అడుగున మిగిలిన తెల్ల జాగాలో వంకర అక్షరాలతో రాశాడు. 'భయపడకండి, బండి ఆపింది నేనే.' దాని మీద ఊది, ఆరిందాకా ఆగి, అప్పుడు కుట్టాడు. కోత, కుట్టు, గంజి, అన్నిటి పైన చేతిరాత. గ్రేడింగు వాళ్ల కాగితంలో పేజీ మీద రాతకు విడిగా ఒక వరసే ఉంది, చూశాను నేను.

"గా కాయితాలేమన్న ఉంటె ఇయ్యి బిడ్డా, పొయ్యి అంటుకుంటలేదు." ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. పట్టాల దగ్గరి నుంచి ఒకామె ప్లాట్‌ఫాం అంచుకు వచ్చి చెయ్యి చాచింది, పొగకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి, కొంగు నడుముకు దోపుకుంది, వెనక నుంచి ఎవరో సత్తెమ్మా అని పిలుస్తున్నారు. ఆమె చూపు సూటిగా అబ్బా ఒళ్లోకే ఉంది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను, లేవు, కాగితాలు లేవు, అన్నాను, గొంతు కీచుగా వచ్చింది. ఆమె నన్ను వింతగా చూసింది. "గదేంది మరి?" అబ్బా నవ్వాడు. "గిది పుస్తకమమ్మా, గిది కాదు. గిగో, గిది వట్టుకపో" అని మీద చుట్టిన పేపరు తీసి ఇచ్చేశాడు. "పాపం, పొయ్యి మండాలె గద బేటా, గింతకే పరేషానైతె ఎట్ల?" ఆ పేపరు పొయ్యిలో భగ్గుమంది. పుస్తకం ఇప్పుడు బోడిగా ఉంది ఆయన ఒళ్లో, ఎర్ర కాలికో ఎండలో మెరుస్తోంది, దూరం నుంచి చూసిన వాడికి కూడా ఇది కుట్టిన పుస్తకమని తెలిసిపోతుంది. పేపరు చుట్టి ఉంటే కనీసం రెండు నిమిషాలు దొరికేవి నాకు. ఆ రెండు నిమిషాలూ కాలిపోయాయి.

కూత వినపడింది. దూరంగా, ఔటర్ అవతల, ఒక పొడుగు కూత, ఆ వెంటనే పట్టాల మీద జనం లేచి జై తెలంగాణ అని అరిచారు, అదొక కెరటంలా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది, పోలీసులు లాఠీలు చంకలోంచి చేతుల్లోకి తీసుకున్నారు. వచ్చింది. ఆగింది, కానీ వచ్చింది. దిగి నడిచొస్తాడు అతను, అందరూ అలాగే దిగి సంచులు నెత్తిన పెట్టుకుని పట్టాల వెంట నడిచొస్తున్నారు, ఇక్కడి నుంచే చీమల బారులా కనిపిస్తున్నారు. అబ్బా, మీరు ఇక్కడే ఉండండి, నేను పోయి తీసుకొస్తాను, అన్నాను. ప్లాట్‌ఫాం చివరికి దాదాపు పరుగెత్తాను, నలభై ఏళ్ల మనిషిని, దారిలో గంగాళం తగిలి మోకాలు కొట్టుకుంది. ఒక కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు, ఎక్కడికమ్మా అన్నాడు, మనిషి కోసం అన్నాను, ఏ మనిషి అన్నాడు, మార్కులేసే మనిషి, అన్నాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి లాఠీ దించాడు. వచ్చేవాళ్ల ముఖాలన్నీ వెతికాను. నల్ల సంచి, కళ్లద్దాలు, ముప్పై లోపు వయసు, సుగుణ చెప్పిన గుర్తులు. ఇతను కాదు, ఇతనూ కాదు. ఫోన్ చేశాను, స్విచాఫ్. చెప్పవలసిన మాటలు నోట్లో ముందే పేర్చుకున్నాను, సార్, పెద్ద మనిషి, తొమ్మిది అనండి, మీ కాళ్లు పట్టుకుంటాను. పావుగంట, ఇరవై నిమిషాలు. బారు పలచబడింది, ఆఖర్న ఒక ముసలామె, ఒక మేక. తర్వాత ఎవరూ లేరు. రాలేదు! నిజంగానే రాలేదు, అల్లా విన్నాడు. స్తంభానికి ఆనుకున్నాను, నవ్వు కూడా వచ్చింది. వెనక్కి తిరిగాను.

బెంచీ మీద అబ్బా పక్కన నల్ల సంచి ఉంది. దాని పక్కన కళ్లద్దాల కుర్రవాడు కూర్చుని ఉన్నాడు, చేతులకు తెల్ల గుడ్డ తొడుగులు, ఒళ్లో ఎర్ర కాలికో పుస్తకం. బండి దిగి ఊరి రోడ్డు ఎక్కి ఆటోలో వచ్చాడట, తర్వాత తెలిసింది, ఊరు తెలిసినవాడు కదా, పట్టాల వెంట ఎందుకు నడుస్తాడు. నేను అక్కడి నుంచి బెంచీ దాకా ఎలా వచ్చానో తెలియదు. అతను ఒక చిన్న భూతద్దం పెట్టి అంచు చూస్తున్నాడు, మళ్లీ అంచు, మళ్లీ కుట్టు. అబ్బా అతని వైపు కొంచెం వంగి, పెళ్లి చూపుల్లో పిల్ల తండ్రిలా కూర్చున్నాడు. నన్ను చూసి వరుణ్ లేచాడు. మర్యాదస్తుడే పాపం. "మేడం, ఇవి బైండింగు చేసినవని మీరు ఫోన్లో చెప్పలేదు కదా. విడివే అన్నారు" అన్నాడు. అబ్బా తల నా వైపు తిరిగింది.

"బైండింగు మంచిగ లేదా సార్?" అన్నాడు అబ్బా. "అయ్యో, చాలా బాగుంది సార్. ఇట్లాంటి పని నేను చూడలే. కానీ..." అతను నా వైపు చూశాడు, సాయం అడుగుతున్నట్టు. నేను కళ్లు దించుకున్నాను. సొహైల్ చెప్పిన మాట ఒక్కటీ అబ్బా ముందు అనలేను. "కానీ అంచులు కోశారు కదా సార్. కుట్టారు. లోపల పెన్నుతో రాసి కూడా ఉంది. పుస్తకం అచ్చాఫీసు నుంచి ఎట్లొచ్చిందో అట్లుంటేనే నంబరు వేస్తారు. వీటిని తీసుకోరు. తీసుకున్నా అర మార్కు." అబ్బా అడిగాడు. "అంటె ఎవ్వరు సదవని పుస్తకానికే పదికి పదా?" "అంతే అనుకోండి సార్." "పదొస్తె ఏం జేస్తరు?" "డబ్బాలో పెట్టి మూసేస్తారు. ఇంక తెరవరాదు." "సమజైంది" అన్నాడు అబ్బా. రెండు చేతులూ చాచాడు, వరుణ్ పుస్తకం ఆ చేతుల్లో పెట్టాడు. "ఇంత దూరం వచ్చినవ్ బిడ్డా, షుక్రియా. బతుకమ్మ మంచిగ చేస్కోండ్రి." వరుణ్ నన్ను చూడకుండా సంచి తగిలించుకుని పోయాడు. అయిపోయింది. పదిహేను రోజులు నేను భయపడిన సంగతి రెండు నిమిషాల్లో జరిగిపోయింది. అబ్బా కూలిపోలేదు, ఏడవలేదు, గుండె పట్టుకోలేదు. అయినా నా భయం దిగలేదు, ఇంకా పైకే ఎక్కుతోంది, ఎందుకో అర్థం కాలేదు.

"నీకు ముందుగాలనే ఎర్కనా?" అన్నాడు. మేమిద్దరమే ఉన్నా దక్ఖనీలో కాదు, తెలుగులోనే, కానీ ఈసారి గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేలా. "ఎర్కనే అబ్బా." "ఎన్ని దినాలాయె?" "పదిహేను." ఆయన వేళ్లు కుట్టు మీద పోతున్నాయి, వస్తున్నాయి. పట్టాల మీద కిచిడీ దించారు, ఆకులు పరుస్తున్నారు, సత్తెమ్మ మా వైపు చెయ్యి ఊపి రమ్మంటోంది. "గా పిల్లగాడు అర మార్కన్నడు. గాయినకు నేనెవలు, నాకు గాయినెవలు? మొకం మీద చెప్పిండు, మంచిగయింది. కత్తి వట్టినోన్ని, తప్పు వోతె ఒప్పుకునుడు నాకు వస్తది." వేళ్లు కుట్టు మీద ఆగాయి. "నువ్వు నాకు గూడ ఒక మార్కు కలిపినవ్ గద బేటా. ముప్పై నాలుగచ్చిన పోరగాండ్లకు కలిపినట్టు." నలభై మంది పిల్లల్లో ఎవడు తట్టుకుంటాడో ఎవడు తట్టుకోడో ఒక్క చూపులో చెప్పగలననుకునే దాన్ని. వాడు తట్టుకోడని నేను అనుకున్న ప్రతిసారీ ఒక మార్కు వేశాను. ఆ పిల్లలకు ఏనాడైనా తెలిసిందా, తెలిస్తే ఇలాగే చూశారా, ఇంత నెమ్మదిగా.

అబ్బా పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. జీపులో అన్ని గంటలూ ఇవ్వని పుస్తకం. అది ఇంత బరువుంటుందని మరిచిపోయాను. "ఏడో పుస్తకం, ఆఖరి పేజీ తియ్యి" అన్నాడు. తీశాను, వెతకక్కర్లేదు, ఆ చోట పుస్తకం దానంతటదే తెరుచుకుంటుంది, అన్నిసార్లు తెరిచాం. "నాకు అగుపడ్తలేదు. సదువు. ఏమున్నదో గదే సదువు, నన్ను సూడకు." కూలిన వంతెన, పొగ, ఎత్తిన లాంతరు, అడుగున కత్తి కోసిన అంచు, దాని పైన పల్చబడిన నీలి సిరా. భయపడకండి, అన్నాను, అక్కడ ఆగాను. అబ్బాకు మిగతా మాట నోటికొచ్చు, రాసింది ఆయనే, అయినా అందించలేదు. బండి ఆపింది నేనే, అన్నాను. ఆయన తల ఊపాడు. "ఇగ మొదటికెల్లి సదువు" అన్నాడు, "బండి ఇప్పట్ల కదల్ది." నేను పుస్తకం మొదటికి తిప్పాను. పేజీ చిరుగుతుందేమోనని వేలు తడి చేసుకుని మెల్లగా తీశాను.